అంతర్వేది ఇసుకలో యురేనియం ఎక్కువగా వచ్చింది: అది డిప్లీటెడ్ యురేనియమేనా?

అంతర్వేది తీరపు ఇసుకను పరీక్షిస్తే యురేనియం ఎక్కువగా వచ్చిందని, అది డిప్లీటెడ్ యురేనియమా (యురేనియం-235ను చాలావరకు తీసేశాక మిగిలేది) అని అడిగారు. మీ అంకె పెరగడానికి కారణం చాలావరకు నల్ల ఇసుకలోని మోనజైట్, జిర్కాన్ గింజలే, ఇవి సహజంగానే యురేనియం ఉండే బరువైన ఖనిజాలు. అల వెనక్కి తగ్గేటప్పుడు తేలిక ఇసుక కొట్టుకుపోయి, బరువైన గింజలు నల్లటి చారగా మిగులుతాయి కనుక, ఆ చార మీద తీసిన గరిటెడు ఇసుకకూ, జానెడు దూరంలోని తెల్ల ఇసుకకూ ఫలితాలు పొంతన లేకుండా వస్తాయి.

1982 నుంచి డిప్లీటెడ్ యురేనియం గుండ్లను సోల్వే ఫిర్త్ అనే సముద్రపు పాయ వైపు పేల్చిన స్కాట్లాండ్‌లోని డండ్రెనన్ పరీక్షా క్షేత్రంలో నమూనాలను పరీక్షించే పద్ధతినే అనుసరించానని రాశారు. కానీ మొత్తం యురేనియం పరిమాణం దగ్గరే ఆగిపోయారు. చాలామంది వదిలేసే మెట్టు ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాల) నిష్పత్తి.

1. ఐసీపీ-ఎంఎస్ (పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే ప్రయోగశాల యంత్రం) పరికరంపై యురేనియం-235, 238లను విడివిడిగా కొలిపించండి.

2. 235ను 238తో భాగించండి. ఫలితం 0.00725 దగ్గర ఉంటే, పరిమాణం ఎంత ఎక్కువైనా అది సహజ యురేనియమే. డెల్టా చేలలో చల్లే ఫాస్ఫేట్ ఎరువుల నుంచి వచ్చేదీ ఈ కోవలోనిదే. 0.002 వైపు స్పష్టంగా జారితేనే డిప్లీటెడ్ యురేనియం కలిసిందని అనుమానించాలి.

3. నిష్పత్తి ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణాన్ని మీ నమూనాలకు ముందూ వెనుకా పెట్టించండి. పరికరం బరువైన ఐసోటోపు వైపు కొద్దిగా మొగ్గుతుంది. ఆ దిద్దుబాటు లేకపోతే సహజ ఇసుక కూడా తేడాగా కనిపిస్తుంది.

చేతి గామా మీటరు ఇక్కడ అక్కరకు రాదు, మోనజైట్‌లోని థోరియానికే అది ఎక్కువగా స్పందిస్తుంది.