ఇంట్లో ఫోటోల సర్వర్ పెట్టేముందు మా తెనాలి అత్తయ్య సంగతి వినండి

బంధువులందరూ తమ ఫోన్లలోని ఫోటోలు, వీడియోలు ఎక్కించుకునేలా ఇంట్లోనే సొంత సర్వర్ పెట్టాలనుకుంటున్నాను, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఎలాంటి కంప్యూటర్ కొనాలి అని అడిగారు.

సాఫ్ట్‌వేర్ సంగతి ముందే చెప్పేస్తాను. ఇమ్మిచ్ పెట్టుకోండి. ఫోటోలు, వీడియోలు మన సొంత కంప్యూటర్లోనే దాచుకుని చూసుకునేందుకు 2022లో అలెక్స్ ట్రాన్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) అప్లికేషన్ అది. 2025 అక్టోబరులో 2.0 వచ్చాక బాగా కుదురుకుంది. డాకర్ కంపోజ్ ఫైలు (ప్రోగ్రాముని దానికి కావలసినవాటన్నిటితో కలిపి నడిపించే సెట్టింగుల ఫైలు) దించుకుని, ఫోటోలు ఏ డిస్కులో పడాలో, డేటాబేస్ పాస్‌వర్డ్ ఏమిటో రాసుకుని లేపితే సాయంత్రానికల్లా నడుస్తుంది. గుడికో, పూర్వ విద్యార్థుల సంఘానికో అందరూ చూసే గ్యాలరీ కావాలంటే మాత్రం పివిగో అనే సాఫ్ట్‌వేర్ మేలు. ఇలాంటి ప్రశ్నలకి వచ్చే జవాబులన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. నాకు కోపం తెప్పించేది అదే. సర్వర్ పెట్టడం కాదండీ కష్టం. ఇంట్లో అసలైన పాత ఫోటోలన్నీ ఫోన్ సరిగా వాడటం రాని పెద్దవాళ్ళ దగ్గరే ఉంటాయి. వాళ్ళ చేత ఎక్కించడమే మొత్తం పని.

నేను గుంటూరులో ఉంటాను. మా బాబాయి వాళ్ళది బెజవాడ సింగ్ నగర్లో కింద వాటా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఊళ్ళోకి వచ్చినప్పుడు వాళ్ళు కట్టుబట్టలతో మేడమీది వాళ్ళింటికి ఎక్కారు. బుడమేరు మళ్ళింపు కాలువకి గండ్లు పడ్డాయి, అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఎన్నడూ లేనంతగా 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి ఇంట్లో మోకాలి దగ్గర దాకా బురద. బీరువా కింది అరలో పెళ్ళి ఆల్బమ్‌లు, సీడీలు, వాటి పక్కనే "జాగ్రత్తగా ఉంటాయి" అని దాచిన హార్డ్ డిస్కు. కరిజ్మా ఆల్బమ్ పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఒకే ముద్ద అయిపోయాయి. పాత ఆల్బమ్‌లోని ఫోటోలు పిన్ని ఒక్కొక్కటే విడదీసి డాబా మీద తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేసింది. విడదీస్తుంటేనే రంగు ఆవిడ వేళ్ళకి వచ్చేసింది. మా నాయనమ్మ ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఎవరి దగ్గర ఏమున్నా పంపమని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో అడిగాం. వచ్చాయి, చాలా వచ్చాయి. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిన్నదైపోతుంది, తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు కూడా ఊడిపోతాయి. అసలు ఫైలు అలాగే రావాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. ఆ మాట గ్రూపులో ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్ళు లేరు, వాళ్ళ తప్పూ లేదు. అందుకే సర్వర్ పెట్టాను.

హైదరాబాదు, బెంగుళూరుల్లో ఉన్న పిల్లలు యాప్ వేసుకుని గంటలో వేల ఫోటోలు ఎక్కించారు. అన్నీ ఈమధ్యవే. నాయనమ్మ ఒక్కదాంట్లోనూ లేదు. అప్పుడు పిన్నికి గుర్తొచ్చింది, తెనాలి అత్తయ్య ఒకసారి వచ్చినప్పుడు వాళ్ళమ్మని చూసుకోవడానికి ఉంటాయని ఆ పాత ఆల్బమ్‌లోని ప్రతి పేజీనీ తన ఫోన్‌తో ఫోటో తీసుకుందని.

అత్తయ్యకి లింకు పంపి ఫోన్ చేశాను.

"అత్తయ్యా, నొక్కావా?"

"నొక్కాన్రా. ఈమెయిలు, పాస్‌వర్డు అడుగుతోంది. అయ్యన్నీ ఫోన్ కొన్నప్పుడు షాపు కుర్రాడే పెట్టిచ్చాడు. నాకేం తెలుసు?"

"పోనీ, ఇంట్లో పిల్లలెవరూ లేరా?"

"అందరూ ఊళ్ళల్లో ఉన్నారు. నువ్వు ఆదివారం రారాదూ? అయినా నేనేదైనా నొక్కితే ఉన్నయ్యి కూడా పోతయ్యేమోరా."

ఆ భయం నిజమైన భయం. పోగొట్టుకున్న ఇంటి మనిషి భయం అది. ఆవిడకి అకౌంట్లు తెరవడం నేర్పించే సమయం కాదు. ఇమ్మిచ్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది: ఒక ఆల్బమ్ చేసి, దానికి షేర్ లింకు తీసి, లింకు ఉన్నవాళ్ళు కూడా ఎక్కించొచ్చు అని ఒక్క సెట్టింగ్ పెడితే చాలు. ఈమెయిలు లేదు, పాస్‌వర్డు లేదు. లింకు నొక్కి, ఫోటోలు ఎంచుకుని, సరే అనడమే. ఫైళ్ళన్నీ ఆల్బమ్ ఎవరిదో వాళ్ళ ఖాతాలో పడతాయి. ఆ లింకుకి గడువు తేదీ తప్పకుండా పెట్టండి, లేదంటే అది చేతులు మారి ఎవరెవరి దగ్గరికో పోతుంది.

కొత్త లింకు పంపాను. "గుండ్రంగా తిరుగుతోందిరా... ఆ, ఎక్కినయ్యి!" అంది. ఇక్కడ నా స్క్రీన్ మీద నాయనమ్మ ఒక్కో పేజీలో కనిపించడం మొదలెట్టింది. పిన్నిని కూడా లైన్లోకి తీసుకున్నాను. ఇమ్మిచ్‌లో ఫోటో తేదీ మనం మార్చుకోవచ్చు కాబట్టి ఒక్కోటీ ఎప్పటిదో వాళ్ళిద్దరూ తేల్చారు. "అది ఉప్పెన వచ్చిన ఏడు తీసింది, చూడు, చంకలో మీ నాన్న లేడు, చిన్నోడున్నాడు" అంది అత్తయ్య. దివిసీమ ఉప్పెన అంటే 1977. ఆ ఫోటోకి ఆ సంవత్సరమే వేశాను.

ఫోటోలన్నీ వచ్చాయి, ఒక వీడియో మాత్రం రాలేదు. ఎంతసేపు తిరిగినా చివర్లో ఎర్రగా ఏదో వస్తోందంది. సర్వర్ లాగ్‌లో (జరిగినవన్నీ రాసుకునే చిట్టాలో) ఆ ఫైలు జాడే లేదు, అంటే మా ఇంటి దాకా రాకముందే ఆగిపోయింది. ఇది మీకూ ఎదురవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఇళ్ళకిచ్చే ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి ఇప్పుడు సొంత పబ్లిక్ ఐపీ (బయటినుంచి మన ఇంటిని చేరుకునే ఇంటర్నెట్ చిరునామా) ఉండదు. చాలామందిని ఒకే ఐపీ వెనక కూర్చోబెడతారు. మీ రౌటర్‌లో వ్యాన్ ఐపీ (బయటి వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ అందులోనే ఉన్నట్టు, పోర్టు ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చినవాళ్ళని రౌటర్ లోపలి సర్వర్‌కి పంపే ఏర్పాటు) ఎంత చేసినా బయటినుంచి ఎవరూ మీ ఇంటి సర్వర్‌కి రాలేరు. దీని గురించి ఏ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా రౌటర్ ఆపి మళ్ళీ వెయ్యమంటారు తప్ప విషయం తెలిసిన మనిషికి కలపరు. నెలనెలా డబ్బు కట్టేవాడికి తన కనెక్షన్ ఎలాంటిదో చెప్పాల్సిన బాధ్యత వాళ్ళకి లేదా? అందువల్ల చాలామంది ఉచిత టన్నెల్ సర్వీసు (మధ్యలో ఇంకో కంపెనీ సర్వర్ ద్వారా మన ఇంటికి దారి ఇచ్చేది) వాడతారు, నేనూ వాడాను. నేను వాడినదాంట్లో ఒక్క అప్‌లోడ్ 100 ఎంబీ దాటితే ఆపేస్తారు. ఫోన్లో తీసిన ఫోటో మామూలుగా అంత ఉండదు. వీడియో రెండు మూడు నిమిషాలకే దాటేస్తుంది.

దారి ఏమిటంటే, చిన్న వీపీఎస్ (పబ్లిక్ ఐపీ ఉన్న బయటి సర్వర్) ఒకటి అద్దెకి తీసుకుని దానికీ ఇంటి సర్వర్‌కీ మధ్య వైర్‌గార్డ్ అనే రహస్య దారి వెయ్యడం. అక్కడ వచ్చినవాళ్ళని ఇంటి సర్వర్‌కి మళ్ళించడానికి ఎన్‌జినెక్స్ అనే ప్రోగ్రాము పెడితే ఇంకో అడ్డం ఉంటుంది. దాని క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ (ఒక్కసారికి ఎంత ఎక్కించొచ్చో చెప్పే సెట్టింగ్) మనం మార్చేదాకా 1 ఎంబీ మాత్రమే. అది దాటితే 413 (ఫైలు మరీ పెద్దది) అని వెనక్కి కొడుతుంది. నేను దాన్ని 10 జీబీ చేసి, పెద్ద ఫైలు ఎక్కేటప్పుడు మధ్యలో తెగకుండా టైమవుట్లు కూడా పెంచాను. దాని బదులు క్యాడీ వాడితే ఆ బాధ లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ (బ్రౌజర్ మన సైటుని నమ్మేందుకు ఉచితంగా ఇచ్చేది) కూడా అదే తెచ్చుకుని, గడువు అయ్యేలోపు అదే కొత్తది తెచ్చుకుంటుంది. ఇంట్లో ఆరేడుగురే వాడతారంటే టెయిల్‌స్కేల్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ యాప్ చాలు, కానీ అది ప్రతి ఫోన్‌లోనూ వెయ్యాలి. అత్తయ్య లాంటి వాళ్ళకి అది అవ్వదు.

ఆ వారాంతం అత్తయ్య మళ్ళీ నొక్కింది. వీడియో వచ్చింది. నాయనమ్మ అరుగు మీద కూచుని మల్లెపూలు మాల కడుతూ, "అది ఆపి ఇటొచ్చి కూచోవే, చేతులు ఖాళీగా పెట్టుకుని ఏం చేస్తున్నావ్" అని అత్తయ్యని కోప్పడుతుంటుంది. మా ఇళ్ళల్లో పుట్టిన చిన్నపిల్లలు ఆవిడ గొంతు మొదటిసారి విన్నది దాంట్లోనే.

పెళ్ళి వీడియోల గురించి కూడా ఒక మాట. లక్షలు ఇచ్చి పెళ్ళి తీయిస్తాం, చివరికి చేతికి వచ్చేది ఆల్బమూ, పాటలు కలిపి కోసిన వీడియో ఉన్న పెన్‌డ్రైవూ. అసలు ఫుటేజీ అడిగితే చాలాచోట్ల డిస్కు ఖాళీ చేశాం అంటారు. పెద్దవాళ్ళ మాటలు, పెళ్ళిలో అమ్మలక్కల కబుర్లు అన్నీ ఆ కోసేసిన ముక్కల్లోనే ఉంటాయి. అడ్వాన్సు ఇచ్చేరోజే అసలు ఫైళ్ళు మొత్తం మీ డిస్కులోకి ఇవ్వాలని రాయించుకోండి.

ఇంకొన్ని సంగతులు. ఐఫోన్లు 2017 నుంచి ఫోటోలని హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో తీస్తున్నాయి, చాలా బ్రౌజర్లు దాన్ని నేరుగా చూపించవు. ఇమ్మిచ్ చూడటానికి వేరే కాపీ తయారుచేసుకుని అసలు ఫైలుని ముట్టుకోదు. వీడియోలకీ అంతే. బయటివాళ్ళకి ఇచ్చే లింకులో మెటాడేటా (తేదీ, చోటు లాంటి వివరాలు) చూపించడం ఆపెయ్యండి, ఫోటోలో మీ ఇల్లు ఎక్కడుందో కూడా ఉంటుంది.

వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష వచ్చిన కొంతమంది కుర్రాళ్ళు "నేనే పీహెచ్‌పీలో రాసేస్తాను, ఫారం ఒకటి పెట్టడమేగా" అంటారు. రాయొద్దంటాను. పీహెచ్‌పీ తనంతట తాను ఒక ఫైలుని 2 ఎంబీ వరకే ఒప్పుకుంటుంది, అది తేలిగ్గా మార్చుకోవచ్చు. ప్రమాదం అది కాదు. ఫైలు పేరు చివర జేపీజీ ఉందని నమ్మి తీసుకోవడం, ఎక్కించిన ఫోల్డర్లోనే ప్రోగ్రాములు నడిచేలా వదిలెయ్యడం, ఇవి ఇంటి సర్వర్‌ని ఎవరికో అప్పగించే పనులు. 2016లో ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపంతో ఒక బొమ్మ ఎక్కించి సర్వర్ మీద ఆదేశాలు నడపగలిగారు. బయటి ఫైళ్ళు తీసుకోవడం పదిమంది కళ్ళు పడ్డ కోడ్‌కే వదలండి.

రెండో కాపీ లేకుండా బంధువుల చేత ఒక్క ఫోటో కూడా ఎక్కించొద్దు. ఒకే పెట్టెలో రెండు డిస్కులు రెయిడ్‌లో (రెండింటి మీదా ఒకేసారి రాసేలా) పెట్టి బ్యాకప్ ఉందంటారు, నీళ్ళొస్తే రెండూ ఒకేసారి మునుగుతాయి. మా కాపీ రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాముతో రోజూ రాత్రి హైదరాబాదులో మా బావగారింటికి వెళ్తుంది. అది ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది కాబట్టి అక్కడెవరూ చూడలేరు, ఆ పాస్‌వర్డు మాత్రం కాగితం మీద రాసి ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి. ఫోటోల ఫోల్డర్‌తో పాటు ఇమ్మిచ్ వివరాలన్నీ రాసుకునే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా వెళ్ళాలి. అది లేకపోతే ఫైళ్ళు మిగులుతాయి గానీ ఆల్బమ్‌లు, మనుషుల పేర్లు పోతాయి. అప్పుడప్పుడూ ఆ కాపీ నుంచి కొన్ని ఫోటోలు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి.

కంప్యూటర్ అడిగారు కదా. ఆఫీసుల్లో వాడి అమ్మేసే చిన్న డెస్క్‌టాప్ చాలు, 8 జీబీ ర్యామ్ ఉండాలి. డేటాబేస్ ఎస్‌ఎస్‌డీ మీద, ఫోటోలు పెద్ద హార్డ్ డిస్కు మీద పెట్టండి, థంబ్‌నెయిళ్ళకీ (జాబితాలో కనిపించే చిన్న బొమ్మలకీ) చూపించే కాపీలకీ కొంత చోటు అదనంగా వదలండి. కరెంటు ఇన్వర్టర్ లైన్లోంచి ఇవ్వండి, రౌటర్‌కి కూడా. కింద వాటాలో ఉంటే నేలమీద కాదు, అటక మీద పెట్టండి. డిస్కులు మాత్రం పాతవి తీసుకోకండి, కొత్తవి రెండు కొని, రెండోది వేరే ఊళ్ళో ఏ చుట్టాలింట్లో ఉంచాలో ముందే మాట్లాడుకోండి.