అంబాసిడర్‌కి ఇంజిన్ కొనేముందు

చిరంజీవి కిరణ్‌కి,
మామయ్య ఆశీస్సులు.

మీ తాతయ్యగారి 1972 మార్క్ 2 అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్ సెట్టు చవగ్గా దొరుకుతోంది, తీసుకోనా అని అడిగావు. ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకు. ఇంజిన్ ధర కంటే దాన్ని బండిలో కూర్చోబెట్టడానికే ఎక్కువవుతుంది. మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్లే ఇరుసు) కోసి బ్యాలెన్స్ చేయించడం, రేడియేటర్, సైలెన్సర్ పైపు, పైన లేబర్. మెకానిక్ చేత ఆ చిట్టా రాయించుకున్నాక అది చవకో కాదో నీకే తెలుస్తుంది.

ముందు ఉన్న ఇంజిన్ సంగతి చూడు. అది 1489 సీసీ, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్. మంచి లేత్ షాపు ఏదైనా బాగుచేయగల ఇంజిన్. కంప్రెషన్ టెస్ట్ చేయించు, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో కొలిపించు. నాలుగు సిలిండర్లూ ఇంచుమించు ఒకేలా, బాగానే చూపిస్తే దింపే పనే లేదు. ఒకటి తగ్గితే ఆ ప్లగ్గు రంధ్రంలో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. పెరక్కపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో పోయినట్టు. అదైతే హెడ్డొక్కటి విప్పితే చాలు.

వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోయి, ఇంజిన్ అడుగు నుంచి బరువైన చప్పుడు వస్తే మాత్రం క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్, కొత్త బేరింగులు తప్పవు. బోరు కూడా అరిగితే బోరింగ్ (బోరుని కాస్త పెద్దగా కోయించడం), దానికి సరిపడే ఓవర్‌సైజ్ పిస్టన్లు. ఒక్కటి గుర్తుంచుకో, పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకు బోరింగ్‌కి ఇవ్వు. ఎలాగూ దొరుకుతాయిలే అని ముందే కోయించి, ఆ సైజు దొరక్క తిప్పలు పడినవాళ్లు చాలామంది. ఇంజిన్ బయట ఉన్నప్పుడే క్లచ్ ప్లేటు కూడా మార్చేయి. పెట్రోల్ గొట్టాలు, పంపు డయాఫ్రమ్ ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి తట్టుకునేవే వేయించు. పాత రబ్బరు దానికి ఆగదు.

గేర్లు సరిగ్గా పడట్లేదని బాక్సు మారుస్తానన్నావు. తొందరొద్దు. స్టీరింగ్ పక్కనుండే గేరు కాబట్టి మధ్యలో రాడ్లు, బుష్షులు బోలెడు. తప్పు చాలాసార్లు వాటిలోనే ఉంటుంది, ఖర్చూ తక్కువే. న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుంటే వచ్చే రొద క్లచ్ తొక్కగానే ఆగిపోతే అప్పుడు బాక్సు లోపలి బేరింగుని అనుమానించు.

ఇవన్నీ చూశాక కూడా ఇంజిన్ మార్చాల్సిందే అంటే, నా ఓటు 1990ల అంబాసిడర్లలో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు (జపాన్ కంపెనీ) పెట్రోల్ ఇంజిన్‌కే. దాని 5 గేర్ల బాక్సుతో కలిపే కొను. ఇంజిన్ ఒకచోట, బాక్సు ఇంకోచోట కొంటే మధ్యలో అడాప్టర్ ప్లేట్లకి చేతి చమురు వదులుతుంది. మౌంటింగులు, క్రాస్ మెంబర్ (కింద అడ్డంగా ఉండే దన్ను పట్టీ), గేర్ లివర్ వరకూ అన్నీ ఒకే బండివి అడుగు. ఆ గేరు ఫ్లోర్ మీద వస్తుంది, అడుగు రేకు కోయాలి. బ్రేకులకీ డబ్బు పక్కన పెట్టుకో. 50 హార్స్‌పవర్ బండికి సరిపోయిన డ్రమ్ములని 75కి నమ్ముకోవడం నాకు నచ్చదు.

పాత అంబాసిడర్ డీజిల్ ఇంజిన్ చవకే కానీ నలభై హార్స్‌పవర్ కూడా లేదు, వద్దు. స్విఫ్ట్ ఇంజిన్ పెట్టిస్తానన్న మీ ఫ్రెండుకి చెప్పు, అది అడ్డంగా కూర్చుని ముందు చక్రాల్ని తిప్పే ఇంజిన్, వెనక చక్రాలు తిప్పే మన బండికి కుదరదు.

ఇక కాగితాలు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి కావాలి. వేరే రకం ఇంజిన్‌కి ఒప్పుకుంటారో లేదో డబ్బు కట్టకముందే ఆఫీసుకెళ్లి అడుగు. నంబరు రాసిన బిల్లు లేకుండా స్క్రాప్ ఇంజిన్ ముట్టుకోకు, రేపు అది దొంగబండిది అని తేలితే ఆ టెన్షన్ నీదే. ఇంకో సంగతి. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. నీ బండికి వయసు సరిపోయింది. కానీ ఇంజిన్‌లో గానీ, బాడీలో గానీ పెద్ద మార్పులు చేసినవాటికి అది ఇవ్వరు, ఇచ్చినా రోజూ తిప్పుకోవడానికి కాదు. రోజూ ఆఫీసుకి తిప్పుతావా, పండగలకీ ప్రదర్శనలకీ తీస్తావా అన్నది ముందు తేల్చుకో. ప్రదర్శనలకే అయితే ఇసుజు మాట మర్చిపో.

కంప్రెషన్ రీడింగులు నాలుగూ వాట్సాప్‌లో పంపు. ఆ సెట్టువాడు ఒత్తిడి పెడితే మామయ్య చూసి చెప్తాడని నా మీద తోసెయ్.

మీ మామయ్య