పాఠకుల ప్రశ్న: శిఖరం తగ్గితే గ్రహణం పెరగడమేమిటి?

ప్రశ్న: యురేనియం-238 కేంద్రకపు అడ్డుకొలత వైశాల్యం లెక్క కడితే 1.7 బార్న్‌లే వస్తున్నది; కానీ న్యూట్రాన్ శక్తి 6.67 ఎలక్ట్రాన్ వోల్టులు (అణుస్థాయి శక్తి కొలమానం) ఉన్నచోట దాని గ్రహణ (న్యూట్రాన్‌ను పట్టేసుకునే) మధ్యచ్ఛేదం ఒక శిఖరంలా లేచి 20,000 బార్న్‌లు దాటుతుందని చదివాను. పైగా రియాక్టరు ఇంధనం వేడెక్కితే ఆ శిఖరం కుంగుతుందట, అయినా గ్రహణం పెరుగుతుందట. ఈ రెండూ నాకు పొసగడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: మీ లెక్కలో తప్పు లేదు. మధ్యచ్ఛేదం కేంద్రకపు వెడల్పును కాక, చర్య జరిగే అవకాశాన్ని వైశాల్యంగా చెబుతుంది. (బార్న్ అంటే గొడ్లకొట్టం, 10⁻²⁴ చదరపు సెంటీమీటర్లకు 1942లో సరదాగా పెట్టిన పేరది.) 6.67 ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ తరంగదైర్ఘ్యం ఆ కేంద్రకపు వ్యాసానికి 700 రెట్లకు పైమాటే కనుక, అది గులకరాయిలా గురిచూసి తగలవలసిన పని లేదు. అయితే న్యూట్రాన్ తెచ్చే శక్తి, అది చేరాక ఏర్పడే యురేనియం-239 ఉత్తేజిత స్థాయిల్లో (ఆ కేంద్రకం నిలవగల నిర్దిష్టమైన అధిక శక్తుల్లో) ఒకదానితో సరిపోవాలి; ఈ సరిపోలికే అనునాదం. పాత రేడియోలో కడప కేంద్రం కోసం ముల్లు తిప్పినవారికి ఈ ఇరుకు తెలుసు: ఇక్కడి స్థాయి సహజ వెడల్పు ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు నలభయ్యో వంతే. అది దాటి 0.025 ఎలక్ట్రాన్ వోల్టులకు దిగితే గ్రహణం 2.7 బార్న్‌లే.

రెండో సందేహమే అసలైనది. వేడికి కేంద్రకాలు అటూ ఇటూ ఎక్కువగా ఊగడం వల్ల, ఎదురొచ్చే న్యూట్రాన్ శక్తి వాటికి కాస్త హెచ్చుతగ్గులుగా కనిపించి, అనునాదం ఎత్తు తగ్గి వెడల్పవుతుంది. శిఖరం కింది వైశాల్యం మాత్రం దాదాపు మారదు. అలాంటప్పుడు గ్రహణమూ మారకూడదు కదా అని మీరు అడగవచ్చు. ఇంధన కడ్డీని దగ్గరగా చూడండి: సరిగ్గా శిఖరం మీదున్న న్యూట్రాన్లు మిల్లీమీటరులో చిన్న భాగం లోతుకే ఆగిపోతాయి కనుక, లోపలి యురేనియం పైపొర చాటున ఖాళీగా ఉండిపోతుంది. శిఖరం కొంత కుంగినా ఆ న్యూట్రాన్లు తప్పించుకోలేవు. అంచుల్లో కొత్తగా చేరిన వెడల్పు మాత్రం, ఇంతకుముందు కడ్డీని దాటిపోయిన న్యూట్రాన్లనూ పట్టేస్తుంది. మన జిల్లా తుమ్మలపల్లె గని యురేనియంతో సహా సహజ యురేనియంలో 99.3 శాతం ఈ 238 కాబట్టి, ఆ ఇంధనంలో ఈ ప్రభావం చిన్నది కాదు. రియాక్టరులో శక్తి ఒక్కసారిగా పెరిగితే ముందుగా వేడెక్కేది ఇంధనమే కనుక, నియంత్రణ కడ్డీలు కదలకముందే గొలుసు చర్యకు ఈ పగ్గం పడుతుంది: ఇలా పట్టుబడిన న్యూట్రాన్లు ఆ గొలుసును కొనసాగించలేవు.