మెట్ల దగ్గర తలుపు గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బ్రాడీపేట ఇంటి మేడ మీద చదువుకునే పిల్లలకు గదులు అద్దెకిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ మొన్న వచ్చినప్పుడు వంటింటికీ మెట్లకూ మధ్య ఉన్న పాత టేకు తలుపు చూశాను. పైన గొళ్ళెం మూల చిటికెన వేలు దూరేంత సందు, కింద అదే మూల నేలను రాస్తోంది. అప్పటి నుంచీ నాకు అదే టెన్షన్. వంటింట్లో ఏదైనా అంటుకుంటే మంట కన్నా ముందు పొగ ఆ సందులోంచి మెట్లెక్కుతుంది. పైనున్న పిల్లలకు దిగే దారి అదొక్కటే.

నేల రాస్తోంది కదా అని చిత్రిక పట్టించకు. తలుపు సగం తెరిచి, గొళ్ళెం వైపు రెండు చేతులతో పైకెత్తి చూడు. కదిలిందంటే తప్పు చెక్కది కాదు, పై బందుది. స్క్రూలు తీసి, ఆ రంధ్రాల్లో జిగురు రాసిన టేకు పుల్లలు దిగగొట్టి, ఆరాక పొడవాటి స్క్రూలు బిగిస్తే రెక్క మళ్ళీ పైకి లేస్తుంది. నేనొకసారి వానాకాలంలో ఉబ్బిన తలుపును చిత్రిక పట్టించాను. మే ఎండలకు చెక్క కుంచించుకుపోయి అంచు పొడవునా వెలుతురు కనిపించింది.

బందులు సరిచేశాక కూడా సందు మిగిలితే రెక్క అంచుకు టేకు పట్టీ వేయించు. పైనా, పక్కలా 3 మిల్లీమీటర్ల సందు చాలు. రూపాయి బిళ్ళలు రెండు జతచేస్తే సుమారు అంతే మందం, దాన్నే చుట్టూ జరిపి చూసుకో. ఫోమ్ స్ప్రే మాత్రం కొట్టనివ్వకు, మామూలు ఫోమ్ తనే మండుతుంది. ఇంట్యూమెసెంట్ పట్టీ అని అడుగు. సుమారు 200 డిగ్రీల వేడికి అది ఉబ్బి సందు మూసేస్తుంది. మొదట్లో వచ్చే చల్లటి పొగకు ఉబ్బదు కాబట్టి ఆ పొగను ఆపే బ్రష్ ఉన్న రకమే తీసుకుని, అంచున గాడి తీయించి పెట్టించు. ద్వారబంధానికీ గోడకూ మధ్య ఖాళీ సిమెంటుతో నింపించు.

పెరటి తలుపు కింది సందు జోలికి మాత్రం పోకు. వంట గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. బయటికి పోవడానికి దానికి దారుండాలి.

ఇవన్నీ చేసినా అది మంటను కొంతసేపు ఆపే ఫైర్ డోర్ అయిపోదు నాయనా. మధ్య పలకలు పలచన, ముందు కాలేవి అవే. డబ్బు కుదిరిన వెంటనే ఆ ఒక్కటీ సర్టిఫికెట్ ఉన్న ఫైర్ డోర్‌గా మార్పించు. అప్పటిదాకా తలుపు దానంతటదే మూసుకునేలా డోర్ క్లోజర్ పెట్టించి, తెరిచి ఉంచడానికి ఎవరూ ఇటుక అడ్డం పెట్టకుండా చూడు.

కార్పెంటర్ వచ్చే రోజు ముందే ఫోన్ చెయ్యి. విజయవాడ నుంచి పొద్దున్నే బయలుదేరి వస్తాను, బందులు బిగించేటప్పుడు దగ్గరుంటాను.

మీ మామయ్య