సమాధానం: మీ చెల్లెలి చైల్డ్ బెనిఫిట్, ఇంగ్లీషు టెస్టు గురించి

పలాస అన్నయ్య గారూ, బ్రిటన్‌లో ఉన్న మీ చెల్లెలు కాన్పు కోసం చూస్తోంది, పిల్లల పెంపకానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్‌కి అప్లై చేయొచ్చా అని అడిగారు. ఇంగ్లీషు రాకపోతే బ్రిటన్‌లో బెనిఫిట్లు ఆపేస్తారని టీవీలో విని మీ అమ్మగారు టెన్షన్ పడుతున్నారన్నారు. ఆ గొడవ పాతదే. 2013లో అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఓస్‌బోర్న్, నిరుద్యోగ భృతి అడిగేవాళ్లకి ఇంగ్లీషు రాకపోతే క్లాసులకి వెళ్లాలి, లేదంటే భృతి కోత అన్నారు. నాకైతే అది అన్యాయమనిపిస్తుంది. మన ఇచ్ఛాపురంలో ఒడియా మాట్లాడే ముసలమ్మకి తెలుగు రాదని రేషన్ ఆపితే ఊరుకుంటామా?

కానీ మీ చెల్లెలి విషయం వేరు. మీ బావగారిది స్కిల్డ్ వర్కర్ వీసా (నైపుణ్యమున్న ఉద్యోగానికి ఇచ్చేది), ఆమెది ఆయన భార్యగా వచ్చిన డిపెండెంట్ వీసా. ఆ వీసాల మీద 'నో పబ్లిక్ ఫండ్స్' షరతు, అంటే ప్రభుత్వ సాయం డబ్బు తీసుకోకూడదన్న షరతు ఉంటుంది. ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా చైల్డ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే భృతి) అడగకూడదు. ఎవరో చెప్పారని అప్లై చేస్తే వీసాకే ముప్పు, దయచేసి ఆపండి. ఆమె వేర్‌హౌస్‌లో పనిచేస్తోంది కాబట్టి అర్హత ఉంటే మెటర్నిటీ పే (ప్రసూతి సెలవులో ఇచ్చే జీతం) మాత్రం నిక్షేపంగా తీసుకోవచ్చు, అది పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు. కాన్పు ఖర్చుకీ భయం లేదు, వీసాతో కట్టిన హెల్త్ సర్‌ఛార్జ్ (ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే రుసుము) అందుకే.

ఇంగ్లీషు అవసరమయ్యేది పర్మనెంట్‌గా ఉండటానికి అప్లై చేసేటప్పుడు. ఆ పరీక్ష పెట్టే సంస్థల్లో ఒకటైన ట్రినిటీ వాళ్ల టెస్టులో తనే ఎంచుకున్న అంశం మీద మాట్లాడొచ్చు. అందుకే మన పలాస జీడిపిక్కలు కాల్చి పప్పు ఎలా తీస్తారో ఇప్పటినుంచే ఫోన్‌లో మీ పిల్లలకి ఇంగ్లీషులో చెప్పమనండి. నిబంధనలు మారుతున్నాయి, అప్లై చేసే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్ చూసుకోమనండి.