వలసల మీద సెన్సస్ లెక్కలు ఉండగా పాలమూరులో మళ్లీ ఊరూరా అధ్యయనాలు ఎందుకు?

ఎందుకంటే పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) వలస సెన్సస్‌కు సరిగ్గా చిక్కదు. 2011లో జనాభాను లెక్కించింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఇటుక బట్టీలు, మట్టి పనులు జోరుగా నడిచే రోజులవి. ఆ 20 రోజులూ ఇంట్లో లేని మనిషిని ఎక్కడుంటే అక్కడే లెక్కేస్తారు. అంటే పాలమూరులోని కోయిల్‌కొండలో తాళం వేసిన ఇంటివాళ్లు వేరే రాష్ట్రం లెక్కలో కలుస్తారు. అదీ బట్టీ దాకా ఎన్యూమరేటర్ వెళ్తేనే.

జాతీయ నమూనా సర్వే కొంత నయం. 2007-08 రౌండులో, పని కోసం ఏడాదిలో నెల నుంచి ఆరు నెలల లోపు బయట ఉన్నవాళ్ల గురించి విడిగా అడిగారు. కానీ ఎనిమిది నెలలు బట్టీలోనే గడిపేవాళ్లు ఆ గడిలో పడరు. పైగా ఆ శాంపిల్ రాష్ట్రానికి సరిపోతుంది, మండలానికి చాలదు. 2016లో జిల్లా విడిపోయాక పాత మహబూబ్‌నగర్ అంకెల్ని ఇప్పటి జిల్లాకు సరిచూసుకోవడం ఇంకో తలనొప్పి.

ఊళ్లో కూర్చుని అడిగే ప్రశ్నలు వేరు. కూలీల్ని పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఏ నెలలో ఇచ్చాడు? పిల్లల్ని వెంట తీసుకెళ్లారా, ముసలివాళ్ల దగ్గర వదిలారా? ఇవి తెలిస్తేనే వలస వెళ్లినవాళ్ల పిల్లలుండే సీజనల్ హాస్టల్ ఎప్పుడు తెరవాలో, ఉపాధి పనులు ఎప్పుడు మొదలుపెట్టాలో తేలుతుంది. జనం బస్సెక్కి వెళ్లిపోయాక పని చూపిస్తే ఎవరికి లాభం?

అలాగని రెండు మూడు ఊళ్ల వివరాలతో రాష్ట్రం మొత్తానికి బడ్జెట్ వేయలేం. ఎంత డబ్బు కావాలో తేల్చడానికి మాత్రం పెద్ద సర్వేలే దిక్కు.