ఎలా తెలిసిందో రాయి

చిరంజీవికి,

నీ 'పరమాణువు కథ' వ్యాసం అందింది. వెంటనే కలం పట్టించింది మాత్రం మొదటి పేజీలోని ఒక్క వాక్యం: "డాల్టన్ పరమాణువును విడగొట్టలేమని తప్పుగా అనుకున్నాడు, ఆ తప్పును థామ్సన్ దిద్దాడు, థామ్సన్ తప్పును రూథర్‌ఫర్డ్ దిద్దాడు." ఇలాంటి వాక్యం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లంతా పరీక్షలో ఫెయిలైన పిల్లలా?

అసలు రెండు వందల ఏళ్ల కిందట డాల్టన్ చేతిలో ఏముందో చూడు. త్రాసు, కొన్ని వాయువులు, అంతే. 12 గ్రాముల కార్బన్ 16 గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే ఒక వాయువు, 32 గ్రాములతో కలిస్తే ఇంకొకటి. సరిగ్గా రెట్టింపు. మధ్యలో 20తోనో 25తోనో కలిసేది లేదు. పదార్థం ఎంత చిన్నగానైనా తెగేదే అయితే దానికి ఇంత పట్టింపు ఎందుకు? లెక్కపెట్టగలిగే ముక్కలుగా ఉంటేనే ఇలా కుదురుతుంది. కంటికి కనపడని దాన్ని త్రాసుతో పట్టుకున్న మనిషిని నువ్వు "తప్పుగా" అన్న ఒక్క మాటతో పక్కకు నెట్టేశావు. నీటిలో ఒక హైడ్రోజన్‌కు ఒక ఆక్సిజన్ ఉంటుందని ఆయన అనుకున్న మాట నిజమే. దాంతో పరమాణు భారాలు తారుమారయ్యాయి. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల్లో ఒకే పరిమాణం ఉన్న వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని 1811లోనే అవొగాడ్రో దారి చూపినా పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1860లో కార్ల్స్‌రూహే సమావేశంలో కనిజారో ఆ వాదనను మళ్లీ ముందుకు తెచ్చాకే చిక్కుముడి వీడసాగింది. అది రాయి. కథంటే అది.

నేను పట్టుబట్టేది ఒక్కటే. ఏం తెలిసిందో చెప్పే ముందు ఎలా తెలిసిందో చెప్పాలి. ప్రయోగం తీసేసి ఫలితం ఒక్కటే చేతిలో పెడితే పాఠకుడు నమ్మడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు.

నా తొలి వ్యాసాల్లో ఒకటి కేథోడ్ కిరణాల మీద, అంటే గాలి దాదాపు తీసేసిన గాజు గొట్టంలో విద్యుత్తు పంపితే రుణ ఎలక్ట్రోడ్ నుంచి వెలువడే కిరణాల మీద. థామ్సన్ వాటిని విద్యుత్ క్షేత్రంతోనూ అయస్కాంతంతోనూ ఎలా వంచాడు, విద్యుత్ ఆవేశానికీ ద్రవ్యరాశికీ నిష్పత్తి ఎలా కట్టాడు, గొట్టంలో వాయువు మార్చినా, ఎలక్ట్రోడ్ లోహం మార్చినా ఆ నిష్పత్తి మారకపోతే దాని అర్థమేమిటి? రాత్రిళ్లు కూర్చుని ఇదంతా రాశాను. పత్రిక వచ్చాక చూస్తే మొత్తం ఎగిరిపోయింది! "1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు" అన్న ముక్క మిగిలింది, దాని పక్కనే రంగు బాక్సులో "మీకు తెలుసా?". పాఠకులకు అంత ఓపిక ఉండదన్నారు ఎడిటర్ గారు. ఆ మాట ఇప్పటికీ వింటున్నాను, ఒక్కసారీ నమ్మలేదు. ఆ వ్యాసాన్ని చేతిరాతలో చదివిన స్నేహితులు నన్ను అడిగిందల్లా ఆ గొట్టం గురించే.

రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసిన గైగర్, మార్స్‌డెన్ కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కూర్చుని, బంగారు రేకుకు తగిలి చెదిరిన ఆల్ఫా కణాలు తెర మీద చేసే మెరుపులు లెక్కపెట్టిన భాగం బాగుంది. కానీ ఆ వెంటనే సూర్యుడు, చుట్టూ గ్రహాలు అంటూ అందరూ వేసే బొమ్మే వేశావు. అది తీసేయి, లేదంటే అది ఎందుకు నిలబడదో కూడా రాయి. విద్యుత్ ఆవేశం ఉన్న కణం గుండ్రంగా తిరిగితే శక్తిని వెలుగుగా పోగొట్టుకోవాలి. ఆ లెక్కన ఎలక్ట్రాన్ సెకనులో వందకోట్లో వంతు గడవకముందే పరమాణువు నడుమ ఉన్న కేంద్రకంలో పడిపోవాలి. పడటం లేదే! 1913లో బోర్ ముందున్న చిక్కు ఇదే. కొన్ని కక్ష్యల్లో ఉన్నంతసేపు శక్తి పోదని ఆయన తెగించి చెప్పాడు, హైడ్రోజన్ వెలుగును విడదీస్తే కనిపించే వర్ణపటంలోని రేఖలు ఆ లెక్కకు అందాయి. నీ వ్యాసంలో బోర్ ఊరికే వృత్తాలు గీసి వెళ్లిపోయాడు. 1926 తర్వాత ఆ వృత్తాలు కూడా పోయి, ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండే అవకాశం ఎంత అన్న లెక్క వచ్చింది. దానికి వేరే వ్యాసం కావాలి, చివరి పేరాలో ఇరికించకు.

ఇక "పరమాణువులో ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి" అని ఒక్క గుక్కలో చెప్పేశావు. ఎలక్ట్రాన్ దొరికాక న్యూట్రాన్ దొరకడానికి 35 ఏళ్లు పట్టింది. ప్రోటాన్‌ను ఒకటిగా లెక్కిస్తే నైట్రోజన్ కేంద్రకం ఆవేశం 7, భారం 14. మిగతా బరువు ఎవరిది? కేంద్రకంలోనే 14 ప్రోటాన్లు, 7 ఎలక్ట్రాన్లు ఉన్నాయని సరిపెట్టుకున్నారు చాలామంది. ఆవేశం లేని కణం అయస్కాంతానికి వంగదు, దాన్ని పట్టుకోవడం కష్టం. బెరీలియం నుంచి వచ్చే కిరణాలు పారాఫిన్ మైనంలోంచి ప్రోటాన్లను ఎగరగొడుతున్నాయి. అవి వెలుగు లాంటి గామా కిరణాలైతే లెక్క కుదరదని, దాదాపు ప్రోటాన్ అంత బరువున్న కణాలైతేనే కుదురుతుందని 1932లో చాడ్విక్ చూపించాడు. చదువుకునే రోజుల్లో, న్యూట్రాన్ ఎందుకంత ఆలస్యంగా దొరికిందని అడిగితే మా మాస్టారు "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు. ఆ కోపంతోనే నేను సైన్సు రాయడం మొదలుపెట్టాను.

పుస్తకంగా ఎవరు వేస్తారని అడిగావు, శైలి గురించీ ఏదో అడిగావు. ముందు మోస్లే సంగతి చూడు. నీ వ్యాసంలో ఆయన పేరే లేదు! నికెల్ పరమాణు భారం కోబాల్ట్ కంటే కాస్త తక్కువ, అయినా మూలకాల ఆవర్తన పట్టికలో కోబాల్ట్ తర్వాతే ఉంటుంది. మూలకాలు ఇచ్చే ఎక్స్ కిరణాల పౌనఃపున్యాన్ని 1913లో కొలిచి, వరుసను నిర్ణయించేది బరువు కాదు, కేంద్రకంలోని ఆవేశమని తేల్చింది మోస్లేనే. 1915లో, 27 ఏళ్లకే యుద్ధంలో చనిపోయాడు. రూథర్‌ఫర్డ్ తర్వాత ఆ భాగం పెట్టు. మొత్తం వ్యాసం అక్కర్లేదు, మోస్లే ఏం కొలిచాడో, ఎలా కొలిచాడో రాసిన పేజీలు మాత్రం నాకు పంపు.

ఆశీస్సులతో.